చేరని కొలువుకు రాజీనామా

జాబ్ మేళా వేదిక మీద యమున మూడుసార్లు నవ్వాల్సి వచ్చింది. మొదటిసారి ఫొటోకు ఎవరిదో చెయ్యి అడ్డం వచ్చింది. రెండోసారి వెనకున్న కంపెనీ పేరు ఫ్రేములో పడలేదు. మూడోసారి, ఆఫర్ లెటర్ అందించిన పెద్దమనిషే, "జర పైకి పట్టుకో బిడ్డా, అక్షరాలు కనబడాలె" అన్నాడు. పట్టుకుంది. ఆ ఫొటో నెల రోజులు హన్మకొండలో ఫ్లెక్సీ మీద ఎండింది.

వర్ధన్నపేట దగ్గరి ఊరు ఆమెది. తల్లి సమ్మమ్మ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. తండ్రి పోశయ్య ట్రాలీ ఆటో నడుపుతాడు. రోజూ రెండు బస్సులు మారి, హసన్‌పర్తి వైపున్న ఇంజినీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు కంప్యూటర్స్ చదివింది. క్లాసులో మొదటి ర్యాంకు ఎప్పుడూ రాలేదు కానీ, పిల్ల మొండిది. ల్యాబులో ప్రోగ్రాం నడవకపోతే పక్కవాళ్లది చూసి రాసుకునేది కాదు. తప్పు దొరికేదాకా కుర్చీ వదిలేది కాదు. "నీ తోటోళ్లంత టిఫిన్ బాక్సులు తెరిచిన్లు, నువ్వింక గీడనే ఉన్నవా?" అని ల్యాబ్ మేడమ్ శోభారాణి విసుక్కునేది.

ఆమె చదువు పూర్తయిన ఏడాది ఉద్యోగాలు ఎండిపోయాయి. బయటి దేశాల ఆర్డర్లు తగ్గాయని హైదరాబాదులో ఉన్నవాళ్లనే తీసేస్తున్నారు. ఏటా కాలేజీకి వచ్చే కంపెనీల్లో సగం మొహం చూపించలేదు. మాంద్యం అన్నారు. మాంద్యం నుంచి కంపెనీలను గట్టెక్కించడానికి ప్రభుత్వం ప్యాకేజీ ప్రకటించింది. అందులో ఒక ముక్కకు 'కొలువు భరోసా' అని పేరు పెట్టారు. కొత్తగా చదువు ముగించినవాళ్లను చేర్చుకుంటే తలకింత చొప్పున ఏడాదిపాటు కంపెనీకి సాయం అందుతుంది. భరోసా ఎవరికి అని అడగాల్సిన రోజు అది. ఎవరూ అడగలేదు. చదువుకుని ఖాళీగా ఉన్న పిల్లల చేతికి నెలకు కొంత ఇస్తే సోమరులైపోతారని భయపడే పెద్దలు, కంపెనీల చేతికి ఇవ్వడాన్ని మాత్రం ఆర్థిక వ్యవస్థకు ఊపిరి పోయడం అన్నారు. మునిగిపోతున్నవాడికి తాడు వేయడం తప్పు కాదు. ఆ తాడును ఈ పిల్లల పేర్లతో పేని, పిల్లలను మాత్రం నీళ్లలోనే వదిలేశారు.

మాదాపూర్‌లో అద్దాల మేడ ఉన్న ఒక కంపెనీ ఆ మేళాలో నలభై ఒక్కమందికి లెటర్లు ఇచ్చింది. చేరే తేదీ ఉండాల్సిన చోట 'త్వరలో తెలియజేస్తాం' అని ఉంది. నలభై ఒక్కమందీ వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. దాని పేరు 'జాయినింగ్ ఎప్పుడు'. మార్చి నుంచి ఆగస్టు దాకా ఆ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప వేరే కబురు రాలేదు.

"ఏందే యమునా, కొలువొచ్చిందన్నరు, ఇంట్లనే ఉంటానవ్? వర్క్ ఫ్రం హోమా?" అని పక్కింటి సావిత్రి గోడ మీంచి అడిగేది.

"లేదు పెద్దమ్మా, ఇంక పిలువలే."

"పిలువకుంటనే గంత పెద్ద ఫొటో ఏసిన్లా?"

ఒకరోజు సమ్మమ్మకు విసుగొచ్చి, "ఆఁ, ఇంట్ల నుంచే చేస్తాంది" అనేసింది. ఆ రోజు తల్లీకూతుళ్లు మాట్లాడుకోలేదు.

ఆగస్టు చివర్లో ఒక దారి తెరుచుకుంది. జిల్లాలోని ప్రభుత్వ ఆఫీసుల్లో ఏడాదిపాటు అప్రెంటిస్‌లుగా తీసుకుంటామని ప్రకటన వచ్చింది. నెలనెలా భత్యం ఇస్తారు. ఏడాది తర్వాత సర్టిఫికెట్ చేతికొస్తుంది. డిగ్రీ ఉండి ఏ ఉద్యోగమూ లేనివాళ్లే అర్హులు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి గడువు ముగుస్తుంది. యమున బుధవారం పొద్దున ఫోన్‌లో వివరాలు నింపి బటన్ నొక్కితే ఎర్రటి అక్షరాలు వచ్చాయి. 'మీరు ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నారు.'

మధ్యాహ్నానికల్లా ఆమె హన్మకొండలో 'కొలువు భరోసా' పథకం చూసే ఆఫీసులో ఉంది. కంప్యూటర్ ముందు చంద్రమౌళి కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి. ఔట్‌సోర్సింగ్ మీద ఏడేళ్లుగా అదే కుర్చీలో ఉన్నాడు. ఆధార్ నంబరు కొట్టి, స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. చేరిన తేదీ మార్చి మూడు. స్థితి: పని చేస్తున్నారు.

"నేను చేరలే సార్."

"చేరిందని కంపెనోడు ఎక్కించిండు."

"నన్నడగకుంటనా?"

"నిన్నెందుకడుగుతరు బిడ్డా? పైసలొచ్చేది వాళ్లకు." అనేశాక చంద్రమౌళి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గీ మాట నేనన్నట్టు ఏడ చెప్పకు."

"మరి నా పేరు తీసెయ్యుండ్రి సార్. శుక్రారం అప్లికేషన్‌కు ఆఖరు."

"నా చేతుల లేదు. కంపెనీ నిన్ను రిలీవ్ చేసినట్టు కాయితం తే. లేకుంటె నువ్వు రాజీనామ చెయ్యి."

"చేరని కొలువుకు రాజీనామ ఎట్ల చేస్త?"

చంద్రమౌళి మౌస్‌తో చూపించాడు. "ఇగో, రెండే ఉన్నయి. పని చేస్తున్నరు, మానేసిన్లు. మూడోది లేదు. నేనేం చెయ్యాలె చెప్పు?"

మూడోది లేకపోవడం పొరపాటు కాదు. చేరకుండానే చేరినట్టు రాస్తారన్న అనుమానం ఆ పథకం తయారుచేసినవాళ్లకు రాలేదనుకోవడం మన అమాయకత్వం. చదువుకున్న పిల్ల రేషన్ కార్డు కోసం పోతే పది రుజువులు అడుగుతారు. కంపెనీ నలభై ఒక్క పేర్లు ఎక్కిస్తే ఒక్క ఫోన్ చేసి, "అమ్మా, చేరినవా?" అని అడిగే తీరిక ఎవరికీ లేదు.

గురువారం పొద్దుటి నుంచి యమున కంపెనీకి ఫోన్ చేస్తూనే ఉంది. తొమ్మిదోసారికి హెచ్‌ఆర్‌లో పనిచేసే భవాని ఎత్తింది. తియ్యటి గొంతు.

"మీరు మా ఫ్యామిలీయే కదా యమునా! ప్రాజెక్టులు లేక లేటైంది, అంతే. మీకు రిలీవింగ్ కావాలంటే ఈరోజే మెయిల్ చేస్తాను. మార్చి మూడు నుంచి నిన్నటిదాకా పని చేసినట్టు ఉంటుంది. ఆరు నెలల ఎక్స్‌పీరియన్స్! ఈ మార్కెట్‌లో ఎవరిస్తారు చెప్పండి? కింద సంతకం పెట్టి పంపితే చాలు."

"మేడమ్, ఆర్నెల్లు నేనేం పని చేసిన్నో జర చెప్తరా?"

"సారీ?"

"రేపు ఇంటర్వ్యూల అడుగుతరు గద. ఏ ప్రాజెక్టు, ఎవలి కింద చేసినవని."

"ఇంటర్నల్ ట్రైనింగ్ అని చెప్పండి."

"ట్రైనింగ్ ఇచ్చిన సార్ పేరేంది మేడమ్?"

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. "ఇది ఫార్మాలిటీ యమునా. మరీ ఇంత లోతుగా వెళ్లకండి," అని భవాని ఫోన్ పెట్టేసింది.

మెయిల్ మాత్రం వచ్చింది. ఆమె ఆర్నెల్లు పని చేసిందనీ, జీతభత్యాలన్నీ అందాయనీ, కంపెనీతో ఏ పేచీ లేదనీ అందులో రాసి ఉంది. అడుగున సంతకానికి ఖాళీ గీత. ఆ గీత మీద పేరు రాస్తే అప్రెంటిస్‌కు దారి దొరుకుతుంది. దాంతోపాటు ఆర్నెల్లు కంపెనీ తీసుకున్న సాయానికి ఆమె సాక్షి అవుతుంది.

బడి నుంచి వచ్చిన సమ్మమ్మ కాళ్లు కడుక్కుంటూ అంతా విన్నది. "పెట్టరాదే బిడ్డా, ఒక్క సంతకమేనాయె. బళ్లె నూటిరవైమందికి వండితె నూటయాభై రాస్తరు. రోజు నాతోని ఏలుముద్ర పెట్టిస్తలేరా? లోకమే గట్లున్నది."

"నువ్వు వండుతానవ్ గదనే అమ్మా. నేను పొయ్యే ముట్టియ్యలే."

సమ్మమ్మ చెంబు కింద పెట్టింది. పోశయ్య బీడీ ఆర్పి, "నీ ఇష్టం బిడ్డా. గని శుక్రారం దాటితె మల్ల ఏడాది ఇంట్లనే," అన్నాడు. గద్దించలేదు. అందుకే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి హన్మకొండ బస్టాండులో నవీన్ ఎదురొచ్చాడు. మరిపెడ పిల్లగాడు, ఆమె క్లాస్‌మేట్, నలభై ఒక్కమందిలో ఒకడు. అతని చేతిలో అదే రిలీవింగ్ లెటర్ ఉంది, సంతకంతో సహా.

"తిట్టకే. మన గ్రూపోళ్లల్ల ఫోన్ చేసి అడిగినోళ్లందరికి పంపింది ఆ హెచ్‌ఆర్ మేడమ్. మా నాయినకు మొఖం చూపియ్యలేక చస్తాన."

"నేనేమన్న అన్ననా?"

"అనకుంట చూస్తానవ్ గద, గదే భయం. నీదేది?"

యమున చేత్తో రాసిన తెల్లకాగితం చూపించింది. నవీన్ చదివి తల గోక్కున్నాడు. "నీకు అప్రెంటిస్ వద్దా ఏంది?"

"కావాలె. నిజం రాస్తె గూడ పేరు తీసెయ్యాలె గద!"

ఆఫీసులో వరుసలో నిలబడి వాళ్ల వంతు వచ్చేసరికి నాలుగున్నర అయింది. నవీన్ లెటర్ చూసి చంద్రమౌళి రెండు నిమిషాల్లో 'మానేసిన్లు' నొక్కేశాడు. నవీన్ ఫోన్ పట్టుకుని బయటి మెట్ల మీదికి పరుగెత్తాడు. తర్వాత యమున కాగితం. చంద్రమౌళి పెదవులు కదుపుతూ చదివాడు. నేను ఆ కంపెనీలో ఒక్క రోజు కూడా పని చేయలేదు. జీతం తీసుకోలేదు. చేరినట్టు పెట్టిన నమోదు తప్పు, దాన్ని రద్దు చేయాలి. నా పేరు మీద ఇచ్చిన సాయం గురించి విచారణ జరపాలి.

"ఆఖరు లైను తీసెయ్యి బిడ్డా. రాజీనామ చేస్తానని ఒక్క ముక్క రాయి, ఇప్పుడే నొక్కుత. ఇంక ఇరవై నిమిషాలున్నయి. నీ మంచికే చెప్తాన."

"గిట్ల రాస్తె కాదా సార్?"

"గిట్ల రాస్తె మా సార్ చూడాలె. సార్ మీటింగుల ఉన్నడు. ఆయన చూసినంక హైదరాబాద్ పోవాలె. ఎన్నడొస్తదో దేవునికెరుక."

యమున గోడ గడియారం వైపు చూసింది. చంద్రమౌళి పెన్ను ఆమె వైపు జరిపాడు. వెనక ఎవరో, "అక్కా, జర జల్ది" అన్నారు. ఆమె పెన్ను తీసుకుంది. చాలాసేపు పట్టుకుంది. మళ్లీ ఆయన ముందే పెట్టేసింది.

"ఇన్వర్డ్‌ల ఎక్కించి నంబరియ్యుండ్రి సార్."

ఆయన నిట్టూర్చి, వచ్చిన కాగితాలు ఎక్కించే రిజిస్టర్ తెరిచాడు. పేరు, ఊరు రాశాడు. విషయం దగ్గర అలవాటుకొద్దీ 'రాజీనామా గురించి' అని రాశాడు. యమున కౌంటర్ అవతలి నుంచి తలకిందులుగా చదివింది.

"అది కొట్టెయ్యుండ్రి సార్."

"ఏందమ్మా, రిజిస్టర్ల కొట్టివేతలు ఉండొద్దు."

"మరి నేను చేరని మార్చి మూడు మీ కంప్యూటర్ల ఎట్ల ఉన్నది సార్?"

చంద్రమౌళి తలెత్తి చూశాడు. కోపంగా మొదలైన చూపు కోపంగా మిగల్లేదు. స్కేలు పెట్టి ఆ రెండు మాటలు కొట్టేసి, పక్కన చిన్న సంతకం చేశాడు. "ఇగ చెప్పు, ఏం రాయాలె?"

"తప్పుడు నమోదు రద్దు గురించి."

ముద్ర వేసిన నకలు చేతికి వచ్చేసరికి ఐదూ పది అయింది. మెట్ల మీద నవీన్ ఇంకా ఉన్నాడు.

"నాది సబ్మిట్ అయింది," అన్నాడు చెప్పుల వైపు చూస్తూ.

"మంచిగైంది," అంది యమున. ఎత్తిపొడుపు లేదు. "గ్రూపుల పెట్టు, ఎవ్వరు సంతకం పెట్టొద్దని."

"నేనా? పెట్టినోన్ని నేను చెప్తె నవ్వుతరు. నువ్వే పెట్టు."

యమున ముద్ర ఉన్న కాగితాన్ని ఫొటో తీసి పంపింది. ఆ లెటర్ మీద సంతకం పెట్టకుండ్రి, ఇట్ల రాసియ్యుండ్రి, నేను ఇచ్చిన అని రాసింది. జవాబులు వెంటవెంటనే వచ్చాయి. 'లేటైంది అక్కా, పొద్దుగాలనే పెట్టిన.' 'నేను నిన్ననే పంపిన.' 'పెట్టకుంటె అప్రెంటిస్ నువ్విస్తవా?' ఒకడు దండం పెట్టే బొమ్మ పంపాడు. అది మెచ్చుకోలో వెక్కిరింపో తెలియలేదు. యమున ఒక్కొక్కటే చదువుతూ మెట్టు మీద కూలబడింది. ఐదు నిమిషాల తర్వాత స్రవంతి దగ్గర్నుంచి ఒక జవాబు వచ్చింది. 'ఏం లెటర్? నాకేం రాలే. మేం చేరినట్టు రాసిన్లా?'

యమున లేచి నిలబడి ఫోన్ కలిపింది.

"స్రవంతీ, ఏ ఊర్ల ఉన్నవ్? ఆ, ఉన్నకాడనే ఉండు. మెయిల్ వస్తది, సంతకం పెట్టకు. ముందుగాల నేను చెప్పేది ఇను."