మేకల కొట్టం మీద పడవ

ఆ కాలంలో మా మెట్ట ఊళ్ళకు వాన చుట్టపుచూపుగా వచ్చేది. రావాలని ఎదురుచూడటమే గాని, వచ్చిన నీళ్ళు ఎటు పోవాలన్న ఆలోచన మాకెవరికీ ఉండేది కాదు. నేలే తాగేసేది. వరికుంటపాడుకు లోపలగా ఉండే పల్లె మాది. ఇరవై ఒక్క ఏళ్ళకే నాకు చాలా సంగతులు తెలుసునని నేను అనుకునేవాణ్ణి, ఊరు కూడా అనుకునేది. ఉదయగిరిలో డిగ్రీ చదివి, ఉద్యోగం రాక, లైబ్రరీలో పత్రికలన్నీ చదివి సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ణి. మా అన్న ఐదో తరగతితో ఆపేసి మేకలు కాసేవాడు. ఎవరు ఏమడిగినా "మావాణ్ణి అడగండి, వాడు చదువుకున్నోడు" అనేవాడు. (అందులో ఎగతాళి లేదు. ఉండి ఉంటే ఇంత జరిగేది కాదు.)

ఆ ఏడు చెదలు పట్టి మేకల కొట్టం కప్పు కూలిపోయింది, రాతిగోడలు మాత్రం మిగిలాయి. అదే సమయానికి మద్రాసులో మా మేనమామ నడిపే టిఫిన్ హోటల్లో మనిషి కావాలని కబురు వచ్చింది. మేకల మీద మొదటినుంచీ నమ్మకం లేని నాయన అన్నను పిలిచి తెగేసి చెప్పాడు. "తుఫాను వానలకు మేకలు తడవకుండా కప్పు ఎయ్యి. ఎయ్యగలిగితే ఉండు. తడిచినాయా, వాటిని అమ్మేసి మద్రాసు బస్సెక్కు." అన్న అంతకుముందు ఒకసారి మద్రాసు పోయి మూడో రోజే తిరిగొచ్చాడు. "ఆడ తలుపు తీస్తే ఎదురుగా ఇంకో తలుపే ఉండాదిరా" అని చెప్పి, వారం రోజులు కొండ దిగకుండా మేకల వెంటే తిరిగాడు.

సముద్రపు ఒడ్డు పల్లెల్లో పాతబడిన పడవలను పారేయరని, వలలు, తెడ్లు దాచుకునే కొట్టాలకు కప్పుగా వేసుకుంటారని నేను ఒక పత్రికలో చదివాను. మొత్తం నాలుగు వాక్యాలు, బొమ్మ లేదు. ఆ నాలుగు వాక్యాలనే అన్నకు అరగంట చెప్పాను. వారం తిరక్కుండా వాడు లారీ నడిపే స్నేహితుణ్ణి పట్టుకొని, కావలి అవతలి పల్లె నుంచి ఒక పాత ఫైబరు పడవను తెచ్చేశాడు. అమ్మినాయన చుక్క నీళ్ళు కారవని ఒట్టేసి చెప్పాడట. నీలం రంగు పడవ, ముక్కు మీద రంగుతో గీసి వెలిసిపోయిన రెండు కళ్ళు. లారీ ఊళ్ళోకి రాగానే బడి పిల్లలు, వాళ్ళ వెనక అయ్యవారు, ఆయన వెనక ఊరు. దాన్ని దించి లారీ వెళ్ళిపోయింది. "వరద ఎప్పుడు నాయనా? మాకూ కాస్త చోటు పెట్టు" అని ముసలివాళ్ళు అడిగారు.

దాన్ని ఎలా పెట్టాలో నేనే చెప్పాను. మా వైపు కొట్టం మీద మేత వేసుకోవడం అలవాటు. రాతిగోడల మీద అడ్డంగా దూలాలు పరిచి, పడవను ఎలా ఉన్నదాన్ని అలాగే ఎత్తి పెడితే కింద మేకలు, పైన పడవ గుంటలో వేరుశనగ కట్టె. "అడుగు నుంచి చుక్క కారదు గదా, ఇంకేం కావాలి?" అన్నాను. లెక్క సరిపోయిందని అందరూ తల ఊపారు. పదిమందిమి పట్టి ఎత్తాం. ఏటికి, సముద్రానికి ఇంత దూరంలో మా మేకల నెత్తిన ఒక పడవ ప్రయాణానికి సిద్ధంగా నిలబడింది.

తుఫాను వాన ఒక మధ్యాహ్నం మొదలైంది. మొదటి గంట మేకలు పొడిగానే ఉన్నాయి. నేను వసారాలో నిలబడి, చూశారా అన్నట్టు నాయన వైపు చూశాను కూడా. రెండో గంటకు పడవ నిండింది. చుక్క కారని పడవ చుక్క వదలదు కూడా అన్న సంగతి పత్రికలో లేదు. నీళ్ళు నాలుగు వైపులా అంచుల మీదుగా పొర్లి మేకల మీద పడ్డాయి, మేత నాని ఉబ్బింది, ఒక దూలం ఫెళ్ళుమంది. అన్న మేకలను బయటికి తోలి, బకెట్ తీసుకొని పడవలోకి ఎక్కి నీళ్ళు తోడటం మొదలుపెట్టాడు.

గోనెసంచులు నెత్తిన వేసుకొని ఊరంతా అక్కడికి చేరింది. "ఎందాకా పోయినావురా? మద్రాసు కనపడతా ఉండాదా?" అని ఒకాయన కేకేశాడు.

"నువ్వూ ఎక్కు మామా, తెడ్డు ఎయ్యి" అన్నాడు అన్న, చెయ్యి ఆపకుండా. అందరూ నవ్వారు. నేను దగ్గరికి పోతే మాత్రం వంగి, నాకొక్కడికే వినిపించేట్టు "ఇంక నేను పోవాల్సిందేనారా?" అన్నాడు. దానికి జవాబు నేను చదివినవాటిలో ఎక్కడా లేదు.

అప్పుడే మా అవ్వ వసారాలో కోడిపిల్లలను గంప కింద మూస్తూ నన్ను పిలిచింది. "ఒరే చదువుకున్నోడా, ఈ గంపను ఎట్టా పెట్టినానో చూడు. నీ మాటిని వెల్లకిలా పెట్టి, కింద కోళ్ళను తోలమంటావా?"

ఊరంతా గంప వైపు చూసింది. తర్వాత పడవ వైపు చూసింది. ఆ తర్వాత నా వైపు చూసింది. వానలో తడుస్తూ కూడా నాకు ఒళ్ళంతా వేడెక్కింది.

నవ్వడానికి వచ్చినవాళ్ళే పడవను దించి, నీళ్ళు ఒంపి, గోడల మీద బోర్లించారు. మేకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికి దూరాయి. నాయన కూడా వంగి దూరి, వాటి మధ్య కూర్చొని బీడీ ముట్టించాడు. బీడీ అయిపోయేదాకా తల పైకెత్తి కప్పునే చూశాడు. "చుక్క కారలా" అన్నాడు చివరికి. అన్న ముఖం విప్పారింది. "అయినా మేకలు తడిచినాయి. మీ మామకు మనిషిని పంపిస్తానన్నా, ఒకడు పోవాల్సిందే. దీన్ని వెల్లకిలా పెట్టమనింది ఎవుడు?"

అన్న నేల చూస్తూ నిలబడ్డాడు, చెప్పలేదు. నేనే బళ్ళో లాగా చెయ్యి ఎత్తాను.

"రేపటి బస్సుకు నువ్వు పో."

వెళ్ళాను. నాలుగేళ్ళు ఇడ్లీ ప్లేట్లు అందించి, తర్వాత ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనిలో చేరి అక్కడే ఉండిపోయాను. (తప్పులు పట్టే ఉద్యోగం. నాయన ఉండగా ఈ మాట ఆయనకు చెప్పడానికి ధైర్యం చాలలేదు.) ఒక పడవను తప్పుగా పెట్టినందుకు ఊరు దాటించారని చాలా ఏళ్ళు లోపల గుర్రుగానే ఉండేది. అన్నతో ఎప్పుడూ అనలేదు. పండక్కో, పెళ్ళికో పోయినప్పుడు వాడు మేకల గురించి చెప్పేవాడు, నేను వినేవాణ్ణి.

పోయిన వేసవిలో అన్న చనిపోయాడు. మొన్న వానల్లో వెళ్తే వదిన పడవ కింద మేకలకు ఆకు వేస్తోంది. నేనూ వంగి దూరి పక్కన కూర్చున్నాను. ఫైబరు మీద వాన చప్పుడు పెద్దగా ఉంది. "వాన పడితే చాలు, మీ అన్న ఈడికే వచ్చి కూర్చునేవాడు" అంది వదిన. "ఒకటే మాట. ‘ఆ పొద్దు మావాడు తెలిసే తప్పు చెప్పినాడే, తను బస్సెక్కి నన్ను ఊళ్ళో ఉంచేదానికి’ అని. నిజమేనా అబ్బాయా?"

చెయ్యెత్తి నిలబడ్డ ఆ ఇరవై ఒక్క ఏళ్ళవాడికి అంత తెలివి ఎక్కడిది? నవ్వొచ్చింది. వదిన జవాబు కోసం చూస్తోంది.

"అవును వదినా" అన్నాను.