ప్రార్థన అయ్యేదాకా సోడా లేదు

ఇందాక పాలకొల్లు సంతలో గోలీసోడా కొట్టిన కీచుమనే చప్పుడు వినగానే మా తాత కొట్టు గుర్తొచ్చింది ఫ్రెండ్స్. నరసాపురంలో పాత చర్చికి ఎదురుగా ఉండేది. తడి గోనెపట్టా మీద ఆకుపచ్చ సీసాలు, నిమ్మకాయల వాసన. మా వీధి వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఆదివారం ప్రార్థన జరుగుతుంటే తాత సోడా కొట్టేవాడు కాదు. ఆ చప్పుడు లోపలికి వినిపిస్తుందని.

అలా బేరం పోతోందని మా బాబాయి బస్టాండ్ దగ్గర వేరే కొట్టు చూశాడు. ఒక ఆదివారం దాని ఓనర్‌ని తాత దగ్గరికి తీసుకొచ్చాడు. మాట ఖాయమైతే మేము ఆ వీధి వదిలేయాలి. నాకు ఏడుపొచ్చి సోడా పెట్టెల వెనక దాక్కున్నాను.

"ఎండ మండిపోతోందండి, ముందొక సోడా కొట్టండి," అన్నాడాయన.

"ప్రార్థన అవ్వనివ్వండి బాబూ," అన్నాడు తాత.

"మీరూ చర్చికి వెళ్తారా ఏంటి?"

"లేదండి, మేము గుడికే వెళ్తాం. కానీ అది మా వీధి చర్చే కదండీ."

బాబాయి తల పట్టుకున్నాడు. "చూశారా అండి, ఇదీ ఈయన వరస!"

కాసేపటికి చర్చి తలుపులు తెరుచుకున్నాయి. తెల్లచీరల మామ్మలు "అన్నయ్యగారూ, పాడి పాడి గొంతులు ఎండిపోయాయండి" అంటూ కొట్టు చుట్టూ మూగారు. తాత నవ్వుతూ ఒకదాని తర్వాత ఒకటి సోడాలు కొడుతూనే ఉన్నాడు. చేతులు చాలక బాబాయి కూడా చొక్కా చేతులు మడిచాడు.

ఓనర్ వంతు ఆఖర్న వచ్చింది. సోడా తాగి, మూతి తుడుచుకుని బాబాయితో అన్నాడు.

"మీ నాన్నగారిని ఇక్కణ్ణుంచి కదపకండి. ఆ కొట్టు ఇంకెవరికైనా ఇచ్చుకుంటాను."