గోడకు పలకకు నడుమ

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద చీరల దుకాణాలు దాటి ఒక సందులకు మళ్లితె, పాత బిల్డింగు కింద సెల్లార్ల ఉండె మా కంప్యూటర్ సెంటర్. డిగ్రీ అయినంక నాకు దొరికిన మొదటి కొలువు అది. పిల్లలకు టైపింగు, అకౌంట్ల కోర్సు చెప్పాలె. మిగిలిన టైముల కంప్యూటర్లు చూసుకోవాలె. చెప్పేటోళ్లు ఇంకొందరు ఉండిరి గని, కంప్యూటర్ల ఎన్కకు దూరేది మాత్రం నేనొక్కదాన్నే. ఎందుకంటె అందరిల బక్కగున్నది నేనే.

ఆ బెంచీ ఎట్లుండెనో జర చెప్పాలె. సెల్లార్ పొడుగునా గోడ పొంటి ప్లైవుడ్ బెంచీ. మీద మానిటర్లు, కింద ఒక్కొక్క సీపీయూకు ఒక్కొక్క పెట్టె. వైర్లు కనపడొద్దని బెంచీ ఎన్కదిక్కు మనిషెత్తు పలక నిలబెట్టిండ్రు. పలకల ఒక్కొక్క పెట్టె కాడ చెయ్యి పట్టేటంత బొక్క. ఆ పలకకు, గోడకు నడుమ ఇరుకు సందు. నేను రాకముందు ఎవరో సీపీయూ ఇప్పి లోపలి సామాను ఎత్తుకపోయిండ్రట. అప్పటిసంది సెంటర్ నడిపే సార్ ఆ పెట్టెల ముంగట ఇనుప పట్టీ కొట్టించిండు. ఇగ సీపీయూ ముంగటికి రాదు. మానిటర్ వైరు, కీబోర్డు, మౌసు, నెట్టు, కరెంటు, అన్నీ తగిలించేది ఎన్కదిక్కే. ఏ వైరు ఊడినా ఆ సందుల దూరాలె. సందుకు నోరు మెట్ల దిక్కే. అవతలి కొస మూసుకపోయి గోడ. అన్నిటికన్న కష్టం ఆఖరి కంప్యూటర్. దానికి ముందు, బెంచీ ఊగొద్దని పలకకు గోడకు నడుమ ఒక ఇనుప కమ్మి అడ్డం బిగించిండ్రు, నడుమెత్తుల. దాని కిందికెల్లి వంగి దూరితెనే ఆఖరిదానికాడికి పోయేది.

ఆడ కండ్లతోని పని లేదు, చేతులే చూడాలె. చున్నీ తీసి కుర్చీ మీదేసి, అడ్డంగ తిరిగి, ఊపిరి బిగబట్టి జరుగుకుంట పోతుంటి. మోకాలు వంచి చెయ్యి పెట్టె ఎన్కకు పోనిస్తె వేళ్లకు మొదలు తగిలేది ఫ్యాను జాలి, దాని కింద రేకు అంచు. ఆ అంచుకు వేళ్లు కోసుకపోతుండె. కీబోర్డు వైరు గుండ్రంగ ఉంటది, లోపల సన్నటి సూదులు. తొందరపడి నూకితె సూది వంగుతది, ఇగ ఆ కీబోర్డు పనికిరాదు. పెన్‌డ్రైవ్ లెక్క మొన ఉండే వైరైతె ఒకదిక్కు పట్టదు, తిప్పితె పట్టదు, మల్ల మొదటిలెక్కనే పెడితె పడతది. నెట్టు వైరు తలకాయకు ఉండే కొక్కెం ఇరిగిపోతె, టక్కుమని చప్పుడయితది గని నిలవదు. పిల్లలు కాళ్లూపితె చాలు, ఊడొస్తది. పౌడరు డబ్బాల అద్దం ఎడమచేతిల, ఫోను లైటు పండ్ల నడుమ పట్టుకోని, ఎన్ని పొద్దులు ఆడ గడిపిననో.

"అమ్మాయ్, ఏడో సిస్టమ్ పోయింది, కాస్త చూస్తావా?" అంటుండె సార్. గుంటూరు దిక్కాయన. నాతోని ఎన్నడు గట్టిగ మాట్లాడలే. బెంచీ ముంగటికి జరిపిద్దామని రెండు మూడు సార్లు అడిగిన. "జరిపితే ఒక వరుస కుర్చీలు పోతాయమ్మా, చూద్దాంలే" అన్నడు. చూస్తనే ఉన్నడు.

అవి తెలంగాణ కొట్లాట రోజులు. చౌరస్తల టెంట్లు, టెంట్లల్ల దీక్షలు, పాటలు. ఇయ్యాల బంద్ అంటె రేపు రాస్తారోకో. మా బాపు పోచంపల్లి నుంచి మగ్గం ఇడిచి వచ్చినోడు. చీరల దుకాణంల పని చేసేది, సాయంత్రమైతె నేరుగ టెంటు కాడికి పోయేది. మేము సరూర్‌నగర్ చెరువు దిక్కు కిరాయికి ఉంటుంటిమి. ఆదివారం నేను గూడ బాపుతోని పోయి కూసుంటుంటి. గొంతు నొచ్చేదాంక జై తెలంగాణ అంటుంటి. సోమవారం పొద్దున సెల్లార్ మెట్లు దిగంగనే "నమస్తే అండి" అంటుంటి. ఇంట్ల ఒక మాట తీరు, సెంటర్ల ఇంకో మాట తీరు. ఎవరూ మార్చుకొమ్మని చెప్పలే, అదే మారుతుండె. "ఆంధ్రోళ్ల కాడ కొలువెందుకు బిడ్డా" అని మా అత్తలు అంటె బాపు ఏమనకపోతుండె. ఇంకో కొలువు ఉంటె కద అనేటందుకు.

ఆ రోజు బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. తెల్లారితె ఒక బ్యాచుకు పరీక్ష ఉండె. సార్ ముందురోజు సాయంత్రమే అడిగిండు.

"చివరి రెండు సిస్టమ్‌లకి నెట్ రావట్లేదమ్మా. ఒక్క గంట వస్తావా? షట్టర్ సగం దించి చేసేసుకుందాం."

రానని అనాలనిపించింది. "వస్తానండి" అన్న.

పొద్దున నేను చెప్పులేసుకుంటుంటె బాపు చూసిండు. "బంద్ నాడు గూడానా?"

"పిల్లల పరీక్ష ఉంది బాపు. జల్దిన ఒస్త."

"జర పైలం" అన్నడు, అంతే.

నడుచుకుంట పోయిన. రోడ్డంత ఖాళీ. దుకాణాల షట్టర్లన్నీ కిందికున్నయి. మా సెంటర్ షట్టర్ సగం దించి ఉండె. వంగి లోపలికి పోయిన. సార్ ఒక్కడే ఉన్నడు. చున్నీ తీసి సందుల దూరిన. ఇనుప కమ్మి కిందికెల్లి వంగి ఆఖరిదానికాడికి పోయి, నెట్టు వైరు ఊడగొట్టి కొత్తది పెట్టిన. టక్కుమన్నది. గుంజి చూసిన, నిలిచింది.

"సార్, వచ్చిందేమో చూడండి" అన్న.

అప్పుడే పైనకెల్లి ఊరేగింపు చప్పుడు ఇనపడ్డది. డప్పులు, నినాదాలు. రోడ్డు మీదికెల్లి పోతదనుకున్న, మా బిల్డింగున్న సందులకే మళ్లింది. ఆయన ఉరికి షట్టర్ మొత్తం కిందికి గుంజి లోపలికెల్లి బోల్టు పెట్టిండు. ఎంబడే లైట్లు బంద్ చేసిండు.

సెల్లార్‌కు కిటికీలు లేవు. కండ్లు మూసినా తెరిచినా ఒకటే చీకటి. నాకు గాబరా అయింది. బయిటికి రావాలని తిరిగి, కమ్మి కిందికి వంగిన. దాటిన్నో లేదో తెల్వలే, లేవబోయిన. కమ్మి నా భుజానికి మెడకు నడుమ పడ్డది. వీపు గోడకు తగిలింది, మోకాళ్లు పలకకు తన్నుకున్నయి. కిందికి జారుదామంటె ఎన్కదిక్కు కుర్తా ఏదో బోల్టుకు పట్టుకున్నది. పైకి పోను, కిందికి రాను. కుడి చెయ్యి నా కింద మడతపడి ఉండె. ఊపిరి పీల్చినప్పుడల్ల పలక ఛాతిని ఒత్తుతుండె.

"సార్" అన్న మెల్లగ. "ఇరుక్కున్నానండి."

ఆయన ఫోను లైటు చేతిల దాచి పట్టుకోని సందు నోటికాడికి వచ్చిండు. లోపలికి రాలేడు, భుజం గూడ పట్టలే. చెయ్యి చాపిండు, అందలే. ముంగటికి పోయి బెంచీ గుంజిండు, కదలలే. కమ్మి బోల్టు మర ముంగటిదిక్కు మానిటర్ ఎన్క ఉండె. దాన్ని ఇప్పాలంటె పానా కావాలె. మా కాడ ఉన్నది సీపీయూలు ఇప్పే చిన్న స్క్రూడ్రైవర్ ఒకటే. వేళ్లతోని తిప్పచూసిండు. ఆయన ఒగర్చుకుంట తిప్పుతుంటె నాకు ఇనపడుతుండె.

షట్టర్ దడదడలాడింది.

"ఎవరున్నరు లోపల? బయిట తాళం లేదు! బంద్ అని తెల్వదా?"

సార్ చేతుల ఫోను లైటు ఆరింది. "మాట్లాడకమ్మా" అన్నడు, గుసగుసగ. "వెళ్లిపోతారు. రెండు నిమిషాలు ఓర్చుకో."

ఆయన భయం నాకు సమజైంది. నోరు తెరిస్తె చాలు, ఆయనది ఏ ఊరో తెలిసిపోతది. అది తెల్వకుండ ఆ దినాలల్ల ఆయన బస్సుల కండక్టర్‌తోని గూడ వేళ్లతోనే టికెట్ల లెక్క చెప్తుండె. ఓర్చుకుందామనే చూసిన. షట్టర్ ఇంకింత గట్టిగ కొట్టిండ్రు. దుమ్ము రాలి నా మొఖం మీద పడ్డది. దగ్గొచ్చింది. దగ్గుదామంటె ఛాతి లేస్తలేదు. ఆడనే పోతననుకున్న. నిజంగనే అనుకున్న.

"అన్నా!" అని ఒర్లిన. "నేనున్ననే! బెంచీ ఎన్క ఇరుక్కున్న! ఊపిరాడుతలేదే!"

బయిట చప్పుడు ఆగింది. ఆడమనిషి గొంతు ఒకటి, "అగో, ఆడపిల్లరా" అన్నది. "తియ్యుండ్రి, తియ్యుండ్రి!"

లోపలికెల్లి బోల్టు ఉన్నది. వాళ్లు తియ్యలేరు. తియ్యాల్సింది సారే. చీకట్ల ఆయన ఏడున్నడో నాకు కనపడలే. ఒక్క చప్పుడు లేదు. ఆ ఘడియ ఎంతసేపున్నదో చెప్పలేను. తరువాత అడుగులు ఇనపడ్డయి, షట్టర్ దిక్కు పోతున్నయి. బోల్టు గీరింది. వెలుతురు లోపలికి పడ్డది.

ఏడెనిమిది మంది దిగిండ్రు. ఎక్కువ కాలేజీ పిల్లలు, మెడల కండువాలు. ముంగట నడీడు ఆమె. సార్‌ను పక్కకు నూకి నేరుగ సందు కాడికి వచ్చింది.

"ఏం కాదు బిడ్డా. నా దిక్కు చూడు. ఊపిరి పీల్చకు, ఇడువు. ఇడువు."

ఇడిచిన. జర సల్లగయింది.

"మర ఇటుదిక్కు ఉందండి, మానిటర్ వెనకాల. పానా కావాలి" అన్నడు సార్. ఆ మాటతోనే అందరు ఆయన దిక్కు చూసిండ్రు. నేను సందులకెల్లి ఆయన మొఖం సగం చూడగలిగిన. ఒక పిలగాడు ఉరికి మోటర్ సైకిల్ల పానా తెచ్చిండు. ఇద్దరు మానిటర్లు జరుపుతుంటె ఒకటి జారి కింద పడి పగిలింది. ఎవరూ దాని దిక్కు చూడలే, సార్ గూడ. ఆయన బెంచీ పట్టుకోని ఆ పోరగాండ్లతోనే కలిసి గుంజుతుండె. మర ఊడింది. పలక ముంగటికి ఒంగింది. ఆమె సందులకు వచ్చి నా చంకల కింద పట్టుకోని బయిటికి గుంజింది. కుర్తా వీపు మీద పర్రున చినిగింది. నా చున్నీ తెచ్చి ఆమెనే కప్పింది.

మెట్ల మీద కూసోబెట్టి నీళ్లు తాపుతుంటె, పానా తెచ్చిన పిలగాడు సార్ ముంగటికి పోయిండు.

"బంద్ నాడు ఆడపిల్లను పనికి పిలుస్తవా? ఆంధ్రా సారువా నువ్వు?"

"అవునండి" అన్నడు సార్.

"అయితే జై తెలంగాణ అను."

నేను ఆ మాట వందలసార్లు అన్నదాన్ని. అంటుంటె ఒళ్లు పొంగేది. కాని అప్పుడు, ఆయన దుమ్ముకొట్టుకపోయిన అంగీతోని గోడకు ఆనుకోని నిలబడి ఉంటె, ఆ మాట ఆయన నోటికెల్లి రావొద్దని ఎంతగనం కోరుకున్ననో. "ఇడిసిపెట్టు అన్నా" అన్న. ఎవరూ ఇనిపించుకోలే.

సార్ అన్నడు. హాజరు పిలిస్తె పలికినట్టు, ఒక్కసారి, మెల్లగ.

"ఇనపడలే."

"సాలు తియ్" అన్నది ఆమె. "పాండ్రి. పిల్ల బతికింది, సాలు." వాళ్లను మెట్లెక్కించి తను ఆఖరికి ఎక్కింది. పోయేముందు నా దిక్కు తిరిగి "ఇంటికి పో బిడ్డా" అన్నది. ఆమె ఎవరో ఏ కాలనీనో అడగలే నేను.

నేను, సార్ మిగిలినం. ఆయన "భుజం ఎలా ఉంది?" అన్నడు.

"నొస్తుంది సార్. నాకు ఊపిరాడలే, అందుకే ఒర్లిన." ఇంట్ల మాట తీరే వచ్చింది, మార్చబుద్ధి కాలే.

"తెలుసమ్మా" అన్నడు.

ఇంటిదాంక తోడొచ్చిండు. నేను వద్దన్న, ఇనలే. చెరువు కట్ట మలుపు కాడ కొంతమంది ఆపి ఎటు పోతున్నరని అడిగితె, ఆయన నోరు తెరవకముందే నేనే జవాబిచ్చిన. మా ఇంటికాడ బాపు నా చినిగిన కుర్తా, ఆయన అంగీ చూసి లేచి నిలబడ్డడు. జరిగింది చెప్పిన. బాపు మొఖం ఎర్రగయింది. ఏదో అంటడనుకున్న. కాని స్టూలు జరిపి "కూసోండి" అన్నడు. మా అమ్మ చాయ్ పెట్టింది.

"ఏడుంటరు?" అని అడిగిండు బాపు.

"ఎల్బీనగర్‌లోనండి. పెళ్లయిన దగ్గర్నుంచీ అక్కడే. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు."

"మరి రాష్ట్రమొస్తె పోతరా?"

"ఎక్కడికి పోవాలండీ?" అన్నడు సార్. గద్దించినట్టు కాదు. నిజంగనే తెల్వక అడిగినట్టు.

బాపు చాయ్ తాగుకుంట కూసున్నడు. రాష్ట్రం ఎందుకు కావాల్నో టెంటు కాడ గంటలు గంటలు చెప్పగలిగే మనిషి. నీళ్లు, కొలువులు, మగ్గాలు, అన్ని వరుస పెట్టి చెప్తడు. దీనికి మాత్రం ఏం చెప్పలే. తెల్లారి మామూలుగనే టెంటు కాడికి పోయిండు.

నేను నాలుగు దినాలు ఇంట్లనే ఉన్న. మల్ల పోయేవరకు సార్ బెంచీ మొత్తం ఇప్పించి సెల్లార్ నడుమకు జరిపించిండు. పలక తీసేసిండు, ఇనుప పట్టీలు తీసేసిండు. వైర్లన్నీ బయిటికి వేలాడుతుండె, చూస్తె పిచ్చిపిచ్చిగ. ఎవరైనా పోయి పెట్టుకోవచ్చు. నన్ను చూసి "ఒక వరుస పోయిందమ్మా" అన్నడు, నవ్వబోయి నవ్వలే.

ఆడనే ఇంకా చానొద్దులు చేసిన. ఇంకో కొలువు దొరకలే. ఆ దినం సంగతి మేమిద్దరం ఎన్నడు ఎత్తలే. టెంటు కాడికి పోవుడు నేను మానలే, కాని గొంతెత్తి నినాదం అనేటప్పుడు నడుమల ఒక ఘడియ ఆగుతుంటి. పక్కోళ్లు చూస్తె మల్ల అందుకుంటుంటి. బంద్ నాడు సార్ పిలువకపోతుండె, ఆయన గూడ రాకపోతుండె. పిల్లల పరీక్ష ఉంటె ఇంట్లనే కూసోని ఫోన్ల పరేషాన్ అయితుండె. రాష్ట్రం వచ్చింది. ఆయన ఎటూ పోలే, ఎల్బీనగర్‌లనే ఉన్నడు.

నాకు మాత్రం ఇరుకు జాగ అంటె ఆనాటిసంది పడదు. లిఫ్టు ఎక్క. బస్సుల నడుమ నిలబడ, మెట్టు కాడనే కమ్మి పట్టుకోని నిలబడుత. కండక్టర్ లోపలికి జరుగమ్మా అని ఎంత తిట్టినా జరుగ.