కాక లైటు నేనే పాడుచేశాను

మా బొగ్గు గనిలో తలకు లైటు లేనిదే ఎవరినీ కిందికి దిగనివ్వరు. ఆ లైట్లు ఇచ్చే గది నాది. నాన్న తర్వాత నాకొచ్చిన ఉద్యోగం. ఒకచోట కుదురుగా కూర్చోవడం, నోరు మూసుకుని ఉండడం రెండూ నా వల్ల కావు. అయినా ఆ పని మాత్రం ఎవరికీ చెప్పకుండా చేశాను.

పంపు నడిపే పెద్దాయనను నేను కాక అంటాను. ఆయన ఒక్కగానొక్క కొడుకు సరిహద్దు పోరులో చనిపోయాడు. కర్మలు ముగిసిన మర్నాడే కాక డ్యూటీకొచ్చాడు. ఊట నీళ్లు తోడే ఆ పంపు గని అడుగున ఉంటుంది, చుట్టుపక్కల మనిషి ఉండడు. ఆయన మొహం చూడగానే దిగితే మళ్లీ పైకి రాడేమో అనిపించింది. ఆయన లైటు పక్కకు తీసుకెళ్లి తీగ ఊడదీశాను.

"ఖరాబైంది కాకా, ఇంకోటి లేదు. ఇయ్యాల ఇంటికి పో."

ఆయన పోలేదు. గేటు దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు. వెనక కట్టిన ఫ్లెక్సీలో కొడుకు నవ్వుతున్నాడు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ సెల్యూట్ కొట్టి, "గర్వపడాలె కాకా" అంటుంటే తల ఊపుతున్నాడు. రెండో రోజూ లైటు లేదన్నాను, ఆయన మళ్లీ ఆ బెంచీ మీదే. నేను కిటికీకీ కుర్చీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

మూడో రోజూ కాకకు లైటు ఇవ్వలేదు. ఆయన బదులు పంపు చూస్తున్న మనిషి సెలవు పెడితే కొత్తవాణ్ని పంపారు. మాది ముసలి గని, ఊట ఎక్కువ. ఆ పంపు తిక్క కొత్తవాడికి తెలియదు. పదింటికల్లా అది ఆగిపోయింది. నీళ్లు మోకాళ్ల దాకా వస్తే అందరినీ పైకి తెచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. లైటు సంగతి ఆఫీసులో ఇప్పటికీ చెప్పలేదు, కాకకు మాత్రం అప్పుడే వెళ్లి చెప్పేశాను.

ఆయన తిడితే బాగుండేది.

"నేను సస్తననుకున్నవా బిడ్డా? ఇంట్ల మీ చిన్నమ్మ ముంగట ఏడ్వరాదు. ఈడ ఏడిస్తే 'జవాన్ తండ్రివి, ఏడ్వద్దు' అంటరు. కింద పంపు మోతల ఎవ్వలకు ఇనవడది. గందుకే వచ్చిన."

రాత్రికి పంపు బాగుచేసి నీళ్లు తోడేశారు. మర్నాడు కాకకు మంచి లైటు ఇచ్చాను. షిఫ్టు అయ్యాక తిరిగొచ్చిన లైట్లు లెక్కపెట్టాను. అందరూ వచ్చేశారు, కాక రాలేదు. నేను గని మూతి దాకా పోయి నిలబడ్డాను. చివరికి ఒక్కడే వచ్చాడు, బొగ్గు పట్టిన మొహంలో కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

"రేపు గూడ లైటు ఇయ్యి బిడ్డా," అన్నాడు. "నా ఏడుపు ఇంకా అయిపోలే."