సువార్తమ్మ కల్లంలో నా స్పెషలైజేషన్

ఈ రోజు పొద్దున ఎనిమిదింటికి మా ఫ్యాక్టరీ ఎదుటి టీ బండి దగ్గర ఉన్నవి: టీ కాసే వీరన్న, రెండు బల్లలు, ఆగి ఉన్న ఒక లారీ, దాని టైరు మారుస్తున్న క్లీనరు, లారీ నిండా పట్టా కప్పిన గోనె బస్తాలు, నేను. పట్టా ఒక మూల ఊడి గాలికి లేస్తోంది. లేచినప్పుడల్లా ఎండిన తునికాకు వాసన. వగరుగా, ఎండకు కాగిన మట్టి కలిసినట్టు ఉంటుంది. బీడీలు చుట్టే ఆకు అది. చేతిలో టీ చల్లారిపోయింది. సువార్తమ్మ గారు గుర్తొచ్చారు.

ఎనభైల్లో మాట. నేను మెకానికల్ ఇంజినీరింగు చదివి ఎం.బి.ఏ.లో చేరాను. మొదటి ఏడాది ముగిశాక రెండు పనులు అప్పజెప్పారు. ఒకటి, వేసవిలో ఎక్కడైనా పనిచేసి నివేదిక రాయాలి. రెండు, రెండో ఏడాదికి స్పెషలైజేషన్ ఏదో ఫారంలో రాసి, వేసవి ముగిసేలోగా పోస్టులో పంపాలి. ఫైనాన్స్, మార్కెటింగ్, ప్రొడక్షన్, పర్సనెల్. ఒకసారి రాస్తే మార్చుకోవడం కుదరదు. ఉద్యోగం కూడా దాన్నిబట్టే. కల్లూరులో మిరప వేసే మా నాన్న ఎప్పుడో తేల్చేశారు: "ఫైనాన్సు రాయరా, బ్యాంకులో ఫ్యాను కింద కూర్చోవచ్చు." నాన్నకు తెలిసిన ఆకు కాంట్రాక్టరు ఒకాయన నన్ను టేకులపల్లి అవతల అడవిలో ఉన్న తన కల్లానికి గుమాస్తాగా పంపాడు. కోసిన తునికాకును లెక్కపెట్టి ఎండబెట్టే మైదానాన్ని అక్కడ కల్లం అంటారు.

ఆ కల్లం నడిపేది సువార్తమ్మ గారు. యాభై దాటిన మనిషి. ఆదివారం టేకులపల్లి చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేవారు, మిగతా ఆరు రోజులు అదే గొంతుతో కల్లంలో కేకలు వేసేవారు. మొదటి రోజు నా మెడలోని క్యాలిక్యులేటరు సంచీ చూసి, "ఏంది బిడ్డా గది, తాయెత్తా?" అన్నారు. ఆకు తెచ్చిన ఆడవాళ్ళంతా నవ్వారు.

నేనేమీ అనుకోలేదు. నా దగ్గర ఒక పట్టిక ఉంది. నిలువు గడుల్లో నాలుగు స్పెషలైజేషన్లు, అడ్డ గడుల్లో పదకొండు అంశాలు: జీతం, ఖాళీలు, నాకున్న నేర్పు, వగైరా. ఒక్కోదానికి మార్కులు. ఎక్కువ మార్కులు నా నేర్పుకు కేటాయించాను. ఫైనాన్స్‌కు ఎనభై రెండు వచ్చాయి. పర్సనెల్‌కు ముప్పై ఒకటి. ఫారం నింపకపోవడానికి కారణం లేదు. అయినా ఎందుకో నింపలేదు, పెట్టెలోనే ఉంచాను.

ఈలోగా కల్లాన్ని బాగుచేద్దామనుకున్నాను. కోయ పల్లెల నుంచి, అంటే అక్కడివాళ్ళు గుంపులు అనే చిన్న చిన్న ఊళ్ళ నుంచి, రోజూ అరవై మూడు మంది యాభై ఆకుల కట్టలు తెచ్చి పరిచేవారు. సువార్తమ్మ గారి పద్ధతిలో ఏ గుంపు చోటు ఆ గుంపుదే. ఒక చోట కిక్కిరిసి ఉండేది, ఇంకో చోట సగం ఖాళీ. లెక్కకు నేను కల్లమంతా తిరగాలి. అందుకని సున్నం తెచ్చి నేల మీద తిన్నగా గీతలు గీశాను. ముందొచ్చినవాళ్ళు ముందు వరసలో, తర్వాత వచ్చినవాళ్ళు ఆ వెనక. పుస్తకంలో పేర్లు తీసేసి నంబర్లు వేశాను.

"గీతల సారూ, నా కట్టలు నీ గీత దాటినయ్, జైల్లో ఏస్తవా?" అని ఒకామె అడిగింది. ఆ పేరు నాకు స్థిరపడింది. కానీ లెక్క యాభై నిమిషాలు ముందే అయిపోయింది. సువార్తమ్మ గారు గీతలన్నీ ఒకసారి నడిచి చూశారు. "మంచిగనే ఉన్నయ్. మబ్బు పట్టనీ, చూద్దాం," అన్నారు.

గీతలు గీసిన మూడో రోజు మధ్యాహ్నం మూడున్నరకు మబ్బు పట్టింది. ఎండుతున్న ఆకు తడిస్తే మచ్చలు పడి ఎందుకూ పనికిరాదు. గబగబా కుప్పవేసి పట్టాలు కప్పాలి. ఇదివరకు ఏ గుంపు ఆడవాళ్ళు ఆ గుంపు చోటుకు పరుగెత్తేవారు, ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పుడు నా గీతల్లో ఏ వరస ఎవరిదో ఎవరికీ తెలియదు. ముందు వరస మీదికి ఇరవై మంది ఉరికారు. వెనక మూడు వరసల దగ్గర ఒక్కరూ లేరు. నేను చేతులు ఊపుతూ, "అమ్మా, మీరు! మీరు వెనక్కి!" అని అరిచాను.

అరవై మూడు మందీ ఆగి నా వైపు తిరిగారు.

చినుకులు మొదలయ్యాయి. సువార్తమ్మ గారు చీర కొంగు బిగించి కల్లం మధ్యకు వచ్చారు. "లచ్చక్కా, నువ్వా కొస! ముత్తక్కా, నీ కోడలిని తోలుకొని పట్టా కాడికి! బుచ్చమ్మా, నవ్వుడాపి ఉరుకు!" ఒక్కో పేరుకు ఒక్కో మనిషి కదిలింది. వెనక వరసల్లో నాలుగు వందల కట్టలు తడిశాయి. మిగతావన్నీ దక్కాయి.

వాన వెలిశాక పాకలో టీ ఇచ్చారు. నేను క్షమించమన్నాను.

"గదుండనీ. నీకు ఎంతమంది పేర్లెరుక?"

మనసులో లెక్కపెట్టుకున్నాను. "నలుగురివి. మీతో కలిపి."

ఆమె టీ ఒలికేంత నవ్వారు. "నంబరు పిలిస్తే ఎవరు ఉరుకుతరు బిడ్డా?"

ఎందుకో పెట్టెలోంచి ఫారం, పట్టిక తెచ్చి ఆమె ముందు పెట్టాను. నాలుగూ ఏమిటని అడిగారు. పైసలు, అమ్మకం, మిషన్లు, మనుషులు అని చెప్పాను.

"గిండ్ల నీకు ఏది రాదు?"

"చివరిది," అన్నాను. ఆ సాయంత్రం అబద్ధమాడే పరిస్థితి లేదు.

"మరి గదే చదువు. వచ్చింది చదవనీకి పట్నం పోవుడెందుకు?"

నేను పట్టిక చూపించి, నేర్పుకు అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పెట్టానని వాదించాను. ఆమె ఆ కాగితాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, నాకే తిరిగి ఇచ్చారు. "గీతలు మాత్రం మస్తు గీస్తవ్," అన్నారు.

మర్నాడు పొద్దున గీతలన్నీ నేనే కాలితో చెరిపాను. ఏ గుంపు చోటు ఆ గుంపుకే ఇచ్చి, పుస్తకంలో నంబర్ల పక్కన పేర్లు రాయడం మొదలుపెట్టాను. తప్పు పలికితే ఆడవాళ్ళు దిద్దేవారు. బుచ్చమ్మ తన పక్కనామెకు రోజుకో కొత్త పేరు చెప్పి నన్ను వారం పాటు తిప్పలు పెట్టింది. ఆరో పేరు రాసుకున్నాక సువార్తమ్మ గారు జాలిపడి అసలు సంగతి చెప్పారు. కల్లం మూసేనాటికి అరవై మూడూ వచ్చాయి. ఆ రోజే టేకులపల్లి పోస్టాఫీసులో ఫారం వేశాను. పర్సనెల్ అని రాసి.

నాన్న నెల రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకే ఒక్క మాట అడిగారు: "మనుషుల గురించి చదవడానికి పుస్తకాలెందుకురా?" క్లాసులో అందరికంటే వెనకబడే ఉన్నాను, కానీ ఆ రెండో ఏడాదంతా ఒక్క పాఠానికీ నిద్ర రాలేదు.

ఆ తర్వాతి వేసవికి కల్లం చేతులు మారింది. సువార్తమ్మ గారు జూలూరుపాడులో కూతురి దగ్గరికి వెళ్ళారని తెలిసి ఒకసారి వెళ్ళాను. గుమ్మంలో నన్ను చూడగానే, "గీతల సారు!" అని కేకేసి, కూతురిని టీ పెట్టమన్నారు. నా అసలు పేరు అప్పటికీ ఆమెకు తెలియదని ఆ రోజే అర్థమైంది. నేనూ చెప్పలేదు.

ఈ ఫ్యాక్టరీలో పర్సనెల్ ఆఫీసరుగా చేరి ఆరేళ్లయింది. హాజరు పుస్తకంలో నంబర్లు ఉంటాయి, తప్పదు. రోజూ షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబడతాను, పుస్తకం లేకుండా. ఈ రోజు కూడా లారీ వెళ్ళిపోయాక గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

పనివాళ్ళు రెండు వందల పద్నాలుగు మంది. నాకు పేరు తెలియనివారు ముగ్గురు.