గుట్టవార గరుసు దారి

డ్రిల్లు అయ్యవారు పోయారు. పోయిన సోమవారం పొద్దున పాలు పోయడానికి వచ్చినామె "టీచరమ్మా, డ్రిల్లయ్యోరు నిద్రలోనే పోయినాడంట" అని చెప్పి, నేను ఏడుస్తానేమోనని కాసేపు గడపలో నిలబడింది. నేను ఏడవలేదు. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అది ఇంకా దిగలేదు కాబట్టే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. ఆయన గురించి రాయడానికి నా దగ్గర మంచి తప్ప మరేమీ లేదు. చెడు రాయాలంటే బతికున్నవాళ్ళ గురించే రాయాలి.

ఎరగనివారికి చెబుతాను. ఆయన మా ఊరి అల్లుడు. మా ఊరికి ఐదు మైళ్ళ దూరంలోని హైస్కూల్లో పిల్లలకు డ్రిల్లు చేయించేవారు. భార్య పోయాక కూడా మా ఊరు విడిచిపెట్టలేదు. రోజూ సైకిలు మీద పోయి వచ్చేవారు. నేను మా ఊరి చిన్న బడిలో ఏడో తరగతి దాకా చదువు చెప్పి విశ్రాంతి తీసుకున్న టీచరమ్మను. విశ్రాంతి అని ప్రభుత్వం వారు అన్నారు, మా కోడలు ఇంకా అనలేదు.

ఆయన చొక్కాకు రెండు జేబులు. ఒకదాంట్లో వేయించిన శెనక్కాయలు, రెండోదాంట్లో వాటి పొట్టు. దారిలో ఎక్కడా పొట్టు ఉమ్మి ఎరగరు. మాట కూడా అంతే, ఎవరి మీదా పారేసేవారు కాదు. ఈ గుణం నాకు అప్పుడూ నచ్చలేదు.

డెబ్బైలలో మా ఊరి ఆడపిల్లల చదువు ఏడో తరగతితో ఆగిపోయేది. తెలివి లేక కాదు, దారి లేక. ఊరికి బస్సు రాదు. హైస్కూలుకు పోవడానికి మూడు దారులుండేవి. తారు రోడ్డు చుట్టు తిరిగి పోతుంది, దాని మలుపులో సారాయి అంగడి. వంక దారి దగ్గరే, కానీ అంతా ఇసుక, సైకిలు చక్రం సగానికి దిగబడుతుంది. మా వంకలో నీళ్ళు లేకపోయినా దాటలేం, అదీ దాని గొప్ప. మూడోది గుట్టవార దారి. ఒకప్పుడు రాళ్ళ బండ్లు తిరిగిన బాట. ఎర్ర గరుసు, ఎండకు కాలి కాలి గట్టిపడిన నేల, పైన గుండ్రాళ్ళు. ఒక పక్క గుట్ట, రెండో పక్క మా ఊరి పెద్ద ఆసామి శెనక్కాయ చేను.

మా మనవరాలు ఏడో తరగతి పాసయిన వేసవిలో నేను అయ్యవారి ఇంటికి పోయాను.

"అయ్యవారూ, ఈ పిల్ల ఇంట్లో కూర్చుంటే రేపట్నుంచి కాయలు వలుస్తుంది. దీని తలకాయ వేరే పనికి వస్తుంది. ఏమన్నా చెయ్యండి" అన్నాను.

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నారు. "బిడ్డకు సైకిలొస్తాదామ్మా?"

"రాదు."

"అది నేర్పొచ్చులే. ముందు దారి చూసొస్తా."

దారి చూడడమంటే ఆ వేసవి అంతా ప్రతి ఆదివారం గుట్టవార సైకిలు తొక్కడం. పొద్దున నీడ ఎటు పడుతుందో, సాయంత్రం ఎండ ఎక్కడ కళ్ళలో కొడుతుందో చూశారు. బాట మీదికి వంగిన తుమ్మ కొమ్మలు నరికారు. కదిలే రాళ్ళను పక్కకు దొర్లించారు. తర్వాత మా కల్లంలో మా మనవరాలితో కలిపి ఊరి ఆడపిల్లలు నలుగురికి సైకిలు నేర్పారు. అన్నీ మగవాళ్ళ సైకిళ్ళే. పిల్లలు బారు కింద కాలు దూర్చి తొక్కేవాళ్ళు. పావడాలు చైనులో పడకుండా మడమ దగ్గర పురికొసతో కట్టుకునేవాళ్ళు. గట్టు మీద కూర్చున్న మగవాళ్ళకు ఆ నెలంతా వేరే వినోదం అక్కరలేకపోయింది.

కల్లంలో బాగానే తొక్కిన మా పిల్ల గరుసు మీదికి రాగానే పడింది.

"సార్, మోకాలు గీరుకపోయినాది!"

"మోకాలు అదే మానతాదిలే. హ్యాండిలు అంత గట్టిగా పట్టుకున్న్యావేమి? గరుసులో సైకిలు కొంచెం ఆడతాది, ఆడనీ. కండ్లు దూరం పెట్టు. రాయినే చూస్తాంటే రాయి మీదికే పోతావు."

ఈ మాట ఆయన సైకిలు గురించే అన్నారు. సంతాప సభలో ఒకాయన దాన్ని జీవిత సత్యం చేసి పావుగంట మాట్లాడాడు. ఆ మాట్లాడినాయన ఎప్పుడూ సైకిలు ఎక్కిన మనిషి కాదు.

బాట దిగుడు దగ్గర మాత్రం అయ్యవారు కచ్చితంగా ఉండేవారు. "ఈడ దిగి నడవండి. దిగినోళ్ళను ఎవరూ నవ్వరు, పడినోళ్ళనే నవ్వేది" అనేవారు.

బడి తెరిచారు. ముందు ఆయన, వెనక నలుగురు పిల్లలు. పొద్దున్నే మిద్దె ఎక్కితే గుట్ట అంచున ఎర్రటి దుమ్ము సన్నగా సాగిపోతూ కనిపించేది. మా పిల్ల సాయంత్రం వచ్చి నాకు బీజగణితం చెప్పేది, నాకు రాదని తెలిసి మరీ చెప్పేది, తప్పు చేస్తే తిట్టేది. నా జీవితంలో నేను సంతోషంగా తిట్లు తిన్నది ఆ రోజుల్లోనే.

రెండో ఏడు తొలకరికి ముందు అయ్యవారు ఒక మంచి పని చేశారు, అదే కొంప ముంచింది. తాను సెలవు పెట్టిన రోజు పిల్లలు తికమక పడకూడదని, దారి పొడుగునా రాళ్ళ మీద సున్నంతో గుర్తులు పెట్టారు. మలుపు దగ్గర ఒక గీత, దిగి నడవాల్సిన చోట రెండు గీతలు. ఇంకో కాలమైతే ఎవరూ పట్టించుకునేవారు కాదు. అవి మిగులు భూమిని సర్కారు తీసుకునే భూపరిమితి చట్టం రోజులు. మా ఆసామి అప్పటికే తన చేలను చచ్చిన పెద్దమ్మ పేరా, పుట్టబోయే మనవడి పేరా రాయించి, ఎద్దుల పేర మాత్రం రాయించకుండా వదిలిపెట్టి, నిద్ర పట్టకుండా ఉన్నాడు. తెల్లారి చేనికి పోయి చూస్తే గట్టు వెంబడి సున్నం రాళ్ళు. సర్వేవాళ్ళు వచ్చి కొలిచిపోయారనుకున్నాడు. మధ్యాహ్నానికల్లా బాటకు రెండు కొసలా ముళ్ళకంప పడింది. రాళ్ళన్నీ పీకి గుట్ట మీదికి విసిరేశారు.

"ఏమప్పా అయ్యోరూ, నా చేను కొలిపించింది నువ్వేనంట?" అని ఆ సాయంత్రం నడివీధిలో అడిగాడు.

"కొలిస్తే గొలుసు ఉండాల కదన్నా. నా చేతిలో ఉండేది సున్నం డబ్బానే. బిడ్డలు యాడ దిగల్లో గుర్తు పెట్టినా, అంతే."

"బిడ్డలకు గుర్తులేమిటికి? ఇంట్లో ఉంటే దారి తప్పరు కదా!"

అందరూ నవ్వారు. అయ్యవారు కూడా కొంచెం నవ్వారు. అదే నాకు మండింది.

పొరపాటని వారం లోపలే ఆసామికి తెలిసింది. ఏ సర్వే రాలేదు. అయినా కంప తీయలేదు. తీస్తే సున్నం గీతకు భయపడ్డాడని ఊరు నవ్వుతుందట. నేనే పోయి అడిగాను.

"ఏమప్పా, నా మనవరాలు చదువుకోవద్దా?"

"చదివించుకో టీచరమ్మా, నేనేమన్నా వద్దన్న్యానా? తార్రోడ్డు ఉండాది కదా."

"ఆడ సారాయంగడి ఉండాది. దాని ముందర కూర్చునేది నీ మనుషులే."

"మనోళ్ళే అయితే ఇంక భయమెందుకు?"

పిల్లలు తారు రోడ్డు పట్టారు. అయ్యవారు వాళ్ళకు తోడుగా పోయారు. సారాయి అంగడి ముందర కూర్చున్నవాళ్ళు మొదట పిల్లలను మాటలన్నారు, తర్వాత ఆయనను అన్నారు. పెండ్లాం పోయిన మనిషి, ఆడపిల్లల వెంట సైకిలు మీద తిరుగుతున్నాడని. ఆ మాట ఊళ్ళోకి రావడానికి సైకిలు కూడా అక్కరలేదు. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క పిల్ల ఆగిపోయింది. ఆఖరికి మా ఇంట్లో మా అబ్బాయి సైకిలును కిటికీ ఊచకు గొలుసుతో కట్టి తాళం వేశాడు.

"చాల్లేమ్మా, తొమ్మిది చదివినాది కదా. ఊరి నోళ్ళు మూసేది నా వల్ల కాదు" అన్నాడు.

అయ్యవారు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. "ఇంగొక్క ఏడు ఉండాదమ్మా బిడ్డకు" అన్నారు. అంతే. ఒక్కరిని తిట్టలేదు. తిట్టి ఉంటే దారి తెరుచుకునేది కాదు, నిజమే. నా కడుపుమంట కొంచెం తగ్గేది. ఆ మర్నాటి నుంచి ఒక్కరే తొక్కుకుంటూ పోయారు, రిటైరయ్యే దాకా.

మా మనవరాలు ఇప్పుడు కళ్యాణదుర్గం మిల్లులో శెనగ్గింజలు ఏరుతుంది. పుచ్చుగింజ ఒక్కటీ దాని కంటి నుంచి తప్పించుకోదని మేస్త్రీ మెచ్చుకుంటాడట. కబురు తెలిసి మిట్టమధ్యాహ్నానికల్లా వచ్చింది.

మా ఊళ్ళో పాడె వంక దారిన పోతుంది. శ్మశానం గుట్ట కిందే. ఈ ఏడు లేక లేక వాన పడి వంక పారుతోంది, మోసేవాళ్ళు దిగడానికి లేదు. మిగిలింది ఇన్నేళ్ళుగా కంప పడి ఉన్న గుట్టవార బాటే. ఆసామి చేతికర్ర ఊనుకుంటూ ముందుకు వచ్చాడు.

"కంప తీయండ్రా. అయ్యోరు మంచి మనిషి. మన బిడ్డలకు సైకిలు నేర్పించినాడు."

"నేర్పించినాడప్పా, పోయేకి దారే లేకపాయ" అన్నాను. వినపడిందో లేదో, తల మాత్రం తిప్పలేదు.

కంప పక్కకు ఈడ్చారు. పాడె గరుసు మీదుగా పోయింది. ఆడవాళ్ళం అక్కడే ఆగిపోయాం. మా మనవరాలు చెప్పు విడిచి, ఆ నేల మీద అరికాలు ఆనించి చూసింది.

"అవ్వా, అట్లే గట్టిగా ఉండాది" అంది.

పొద్దు వాలేటప్పుడు మగవాళ్ళు తిరిగి వచ్చారు. చివర వచ్చిన ఇద్దరు, ఎవరూ చెప్పకుండానే, కంపను రెండు చేతులా పట్టి లాగి మళ్ళీ అడ్డం వేసి, చేతులు దులుపుకుని పోయారు. పాడె మీద నుంచి చల్లిన బొరుగులు కంపకు ఈవలా ఆవలా తెల్లగా పడి ఉన్నాయి. రెండు పిచ్చుకలు ముళ్ళ కింద దూరి అటూ ఇటూ తిరుగుతూ వాటిని ఏరుకుంటున్నాయి.