బలానికీ బలవంతానికీ నడుమ

రోజలిన్ కంచరపాలెంలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు. భర్త ఎడ్వర్డ్ సరుకు ఓడల మీద ఫిట్టరు. పెళ్లయ్యాక ఇద్దరూ ఒకచోట ఉన్న కాలం కన్నా ఫోన్లో మాట్లాడుకున్న కాలమే ఎక్కువ.

ఆ ఏడాది ఎడ్వర్డ్ ఎక్కిన ఓడ పరాయి దేశపు రేవు బయట లంగరేసి, అక్కడే ఉండిపోయింది. యజమాని అప్పులు తీర్చలేక చేతులెత్తేస్తే బాకీవాళ్లు కోర్టుకెక్కారు. కేసు తేలేదాకా ఓడని ఖాళీగా వదలకూడదని అక్కడివాళ్లు సిబ్బందిని దిగనివ్వలేదు.

"కంపెనీవోడు ఫోర్స్ మెజూర్ అంటన్నాడు రోజీ. ఏటది?" అని అడిగాడు ఎడ్వర్డ్.

"మన సేతిలో లేని పెద్ద బలం అడ్డొచ్చిందని. తుఫానులాటిదన్నమాట."

"ఇక్కడ గాలే నేదు, ఇంక తుఫానేటి? అసలు ఫోర్సంటే బలమా, బలవంతమా?"

ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నా రోజలిన్‌కి ఆ అనుమానం ఎప్పుడూ రాలేదు. స్కూల్లో పెద్ద డిక్షనరీ తిరగేసి మర్నాడు చెప్పింది. "రెండూనంట. లాటిన్లో ఫోర్టిస్ అంటే బలమైనదని. ఫోర్సూ, కోట అనే ఫోర్టూ అందులోంచే వచ్చాయి. మన బలంలోంచి బలవంతం రాలేదా, అలాగే."

అప్పట్నుంచి ఫోను చేసినప్పుడల్లా ఒక ఇంగ్లీషు మాటకి అర్థం అడిగేవాడు. ఎఫర్టంటే లోపలున్న బలాన్ని బయటికి తియ్యడమని చెబితే, "అయితే పొద్దున్నే లేచి గెడ్డం గీసుకోడం కూడా ఎఫర్టే," అన్నాడు. కంఫర్టంటే మెత్తటి పరుపు కాదు, ఒక మనిషికి బలం పొయ్యడమని చెప్పిన రోజు అడక్కుండానే ఒక పేరు చెప్పాడు.

"మా ఓడలో వంటాయన అర్జునరావు బావ గుర్తొచ్చాడు. బీమిలి ఆయన."

స్కూలు వదిలాక రోజలిన్ బస్సెక్కి బీచిరోడ్డుకి పోయేది. రేవులోకి పిలుపు కోసం ఓడలు దూరంగా వరసకట్టి ఉండేవి. అందులో ఒకదాన్ని ఎడ్వర్డ్ ఓడ అనుకుని, దాని మీద దీపాలు వెలిగేదాకా చూసి ఇంటికొచ్చేది.

చివరికి సిబ్బందిలో ఒక్క మనిషిని ఇంటికి పంపడానికి అక్కడివాళ్లు ఒప్పుకున్నారు. ఎడ్వర్డ్ వచ్చాడు, సగం మనిషై. ఒళ్లు కుదుటపడ్డాక ఆటోనగర్లో ఒక వర్క్‌షాపులో చేరాడు. ఇంట్లోనే ఉన్నా మాట లేదు. ఒక్క మాటకీ అర్థం అడగడు. పక్కనే కూర్చున్న మనిషి కోసం బెంగపడటం రోజలిన్‌కి కొత్త. సముద్రం అవతల ఉన్నప్పుడే దగ్గరగా ఉన్నాడనిపించేది.

ఒకరోజు అన్నం వడ్డిస్తూ అడిగేసింది. "ఏటయింది మీకు?"

ఎడ్వర్డ్ కంచంలో చెయ్యి పెట్టి ఆగిపోయాడు. "రావాల్సింది నాను కాదు రోజీ, అర్జునరావు. నాకంటే ముందెక్కినోడు ఆడు. నాకు కామెర్లొచ్చాయని ఆడి సోటు నాకిచ్చీసినాడు. 'నన్నెవలూ బలవంతపెట్టనేదు బావా, నువ్వెల్లు' అన్నాడు. ఆడింకా అక్కడే ఉన్నాడు."

రోజలిన్ గరిటె పక్కన పెట్టింది. "వాళ్లింటికి ఎల్దాం రండి," అంది.

ఆదివారం ప్రార్థనయ్యాక గుడి నుంచి అటే భీమిలి వెళ్లారు. అర్జునరావు భార్య ఈశ్వరిని చూడగానే ఎడ్వర్డ్ గుమ్మంలోనే తలొంచుకున్నాడు.

"మీరు ఎప్పుడో వత్తారని మాయాయన సెప్పాడు. కూకోండన్నా," అందామె. చేపల పులుసు వేసి అన్నం పెట్టింది.

తింటుండగా ఫోను మోగింది. ఈశ్వరి ముందు ఎడ్వర్డ్‌కే ఇచ్చింది.

"ఏటి బావా, ఒళ్లు సేసేవా?" అంది అవతల అర్జునరావు గొంతు.

ఎడ్వర్డ్ అవుననబోయి ఏడ్చేశాడు. కాసేపటికి తేరుకుని ఇంకేదో చెప్పబోతుంటే రోజలిన్ ఫోను మెల్లగా తీసుకుని ఈశ్వరి చేతిలో పెట్టింది. ఓడ మీద సిగ్నలు ఎంతోసేపు నిలవదని తనకి తెలుసు.

ఈశ్వరి ఫోను చెవికి ఆనించుకుని ఇంటి ముందున్న ఇసకలోకి నడిచింది. ఆమె తిరిగొచ్చేదాకా వాళ్లిద్దరూ ముద్ద ఎత్తలేదు.